డ్రిల్లు మాస్టారు ఇచ్చిన మాట

ఆటల పోటీ మధ్యలో డ్రిల్లు మాస్టారి కుడి మోకాలు మొరాయించింది. ఆపరేషన్ అయ్యాక డాక్టరు, "నడవండి గానీ, పరుగు మాట మర్చిపోండి" అన్నాడు. సగం జీవితం ఆ కాలేజీ మైదానంలోనే గడిపిన మనిషి. ఆయన గొంతు ఎత్తితే అటు చివర గోల్‌పోస్టు దగ్గర ఉన్న పిల్లలు కూడా నిటారుగా నిలబడేవాళ్ళు. అలాంటి మనిషిని ఇంటికి పొమ్మనడానికి కాలేజీ వాళ్ళకి నోరు రాలేదు. కూర్చోబెడదామంటే కుర్చీ లేదు. వెతగ్గా వెతగ్గా దొరికింది, విద్యార్థి సహాయ కేంద్రం.

అలాంటిది ఒకటి ఉందని మాస్టారికే తెలియదు. పరీక్షల విభాగం వెనక, విరిగిన బెంచీలు పడేసే గదికి పక్కన, ఒక పొడుగాటి గది. తలుపు మీద బోర్డు ఉంది గానీ అది కనపడకుండా, మనిషి ఒరిగి దూరే సందు మాత్రం వదిలి, ఎవరో బీరువా అడ్డం పెట్టేశారు. కాలేజీకి గుర్తింపు ఇచ్చే పెద్దలు తనిఖీకి వస్తే చూపించడానికి తెరిచిన గది అది. వాళ్ళు వచ్చారు, చూశారు, వెళ్ళారు. గది మాత్రం ఉండిపోయింది.

"నన్ను మూలన పడేశారు" అన్నారు మాస్టారు మొదటి రోజు ఇంటికొచ్చి, బూట్లు కూడా విప్పకుండా.

ఆయన భార్య ఆసుపత్రిలో వార్డు నర్సు. చీర కొంగుతో ముఖం తుడుచుకుంటూ, "పోనీలెండి, ఎండ తప్పింది" అంది.

"ఎవరూ రారు ఆ గదికి. గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాలి."

"వస్తారు. వచ్చి అసలు సంగతి తప్ప అన్నీ అడుగుతారు. మా వార్డులో ఎవరన్నా వచ్చి, సిస్టర్, నాకు భయంగా ఉంది అంటారా? దిండు ఎత్తు చాల్లేదంటారు. కిటికీ వెయ్యమంటారు. ఆ దిండు సర్దుతూ పక్కన నిలబడితే, అప్పుడు చెప్తారు."

మాస్టారికి ఆ మాట తలకెక్కలేదు. మైదానంలో ఆయన చెప్పడమే గానీ వినడం ఎరగరు. మొదటి కొన్ని వారాలు ఒక్కరు కూడా రాలేదు. ఒకరోజు విసుగుపుట్టి, ఉన్న ఇద్దరు ప్యూన్లని బతిమాలి, తలుపు ముందున్న బీరువా జరిపించారు. గదిలో ఏమున్నాయో చూద్దామని బీరువాల తాళాలన్నీ తీశారు. పెద్ద అక్షరాల పుస్తకాలు, చదివి వినిపించే పరికరాలు, వినికిడి తక్కువున్న వాళ్ళు చెవికి పెట్టుకునే యంత్రాలు. కొన్నిటికి పైన కవరు కూడా చింపలేదు. వారానికి రెండు మధ్యాహ్నాలు ఒక మనస్తత్వ నిపుణురాలు వచ్చి కూర్చోవాలని ఎప్పుడో జారీ అయిన ఉత్తర్వు కూడా ఉంది. ఆమెకి ఫోన్ చేస్తే, "అయ్యో, నన్నెవరూ రమ్మనలేదండీ, ఆ కేంద్రం మూసేశారనుకున్నాను" అంది.

మాస్టారికి ఒళ్ళు మండింది. కోపమొస్తే ఆయనకి పని చెయ్యబుద్ధవుతుంది. మర్నాటి నుంచి మధ్యాహ్నం భోజనాల వేళ కుర్చీ తెచ్చుకుని మంచినీళ్ళ కుళాయిల దగ్గర కూర్చోవడం మొదలుపెట్టారు. వచ్చేపోయే పిల్లల్ని ఆపి, "ఫలానా గది ఉంది, ఫలానా సాయం ఉంది" అని చెప్పేవారు. ఆయన చెప్పే తీరుకి పిల్లలు వరసలో నిలబడి, తలూపి, సందు దొరకగానే జారుకునేవాళ్ళు.

ఆ గదికి నిజంగా పనిపడి వచ్చిన మొదటి మనిషి ఒక మూడో సంవత్సరం అమ్మాయి. స్నేహితులు ఆమెని 'మళ్ళీచెప్పు' అని పిలిచేవాళ్ళు, ఏం చెప్పినా మళ్ళీ చెప్పమంటుందని. ఆమె గుమ్మంలో నిలబడి, "సార్, ఫ్యాను లేని గదిలో పరీక్ష రాయడానికి కుదురుతుందా?" అని అడిగింది.

"ఏం, చలా?" అన్నారు మాస్టారు.

ఆమె ఆయన పెదవుల వంక చూస్తూ నిలబడింది. వినపడలేదనుకుని మాస్టారు మైదానం గొంతు తీశారు. అద్దాల తలుపు అదిరింది. ఆ అమ్మాయి కళ్ళు మూసుకుని, తెరిచి, మెల్లిగా అంది: "అరవకండి సార్. నా వైపు తిరిగి మామూలుగా మాట్లాడండి చాలు. ఫ్యాను చప్పుడు ఉంటే నాకు ఏదీ వినపడదు."

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. ఆ రోజు సాయంత్రం దాకా ఆమెతో కూర్చున్నారు. రెండేళ్ళుగా పాఠాలు సగం వినపడక, మిగతా సగం ఊహించుకుని చదువుతోందా పిల్ల. తనకి కావాల్సిన యంత్రం ఈ బీరువాలో కవరు విప్పకుండా పడుందని తెలిసి ముందు నవ్వింది. తర్వాత ముఖం పక్కకి తిప్పుకుంది.

యంత్రం పెట్టుకున్నాక ఆమె చేసిన పని మాస్టారికి తోచనిది. కుళాయిల దగ్గర కూర్చుని అందరికీ చెప్పలేదు. మెస్సులో ఎవరన్నా ఒంటరిగా కనపడితే పక్కన కూర్చుని తన సంగతి చెప్పేది. "నాకిలా ఉండేది, ఫలానా గదికి వెళ్ళాను" అని. అంతే. అడిగిందీ లేదు, సలహా ఇచ్చిందీ లేదు. నెల తిరిగేసరికి గదికి మనుషులు రావడం మొదలైంది. రాత్రిళ్ళు నిద్ర పట్టనివాళ్ళు, చెయ్యి విరిగి పరీక్ష రాయలేనివాళ్ళు, ఇంట్లో చావు జరిగి పుస్తకం ముట్టుకోలేనివాళ్ళు. వాళ్ళందరికీ మాస్టారు మొదట చెప్పే మాట ఒక్కటే: "ఈ గదిలో అన్న మాట ఈ గడప దాటదు. నువ్వు దాటించమంటే తప్ప."

ఆ మాటే ఆయన మెడకి చుట్టుకుంది.

భూమి కొలతలు నేర్పే సర్వేయింగ్ శాఖలో రెండో సంవత్సరం కుర్రాడొకడు వచ్చాడు. ఎప్పుడూ నేల వంక చూస్తూ నడుస్తాడని వాణ్ణి 'నేలచూపులు' అనేవాళ్ళు. హాస్టల్లో కింది అంతస్తులో గది ఇప్పించగలరా అని అడిగాడు. మాస్టారు ఈపాటికి నేర్చుకున్నారు. ఎందుకని అడగలేదు. "కూర్చో, వార్డెన్ని కనుక్కుందాం" అని టీ తెప్పించారు. టీ గ్లాసు బల్ల అంచున పెడితే కుర్రాడు దానికోసం చేత్తో తడిమాడు. గ్లాసు వాడి మోచేతి పక్కనే ఉంది.

మాస్టారు చూశారు. కుర్రాడు ఆయన చూడటం గమనించాడు.

"మీరు ఎవరికీ చెప్పరు కదా సార్?"

"చెప్పను."

"ఒట్టు?"

"ఒట్టెందుకురా, చెప్పనంటే చెప్పను."

అప్పుడు చెప్పాడు. రేచీకటి. చీకటి పడితే ఏమీ కనపడదు. పగలు కూడా చూపు పక్కలకి పోదు, గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా ఉన్నదే కనపడుతుంది. ఆ గొట్టం ఏటేటా సన్నమవుతోంది. వాళ్ళ మేనమామకీ ఇంతే. ఇప్పుడాయనకి అసలు కనపడదు.

"మా మావయ్య రేడియోలు బాగుచేసేవాడు సార్. కళ్ళు పోయాక ఇంట్లోవాళ్ళు ఆయన్ని ఒక కుర్చీలో కూర్చోబెట్టారు. అన్నం అక్కడికే తెచ్చిపెడతారు. లేవబోతే అందరూ ఒక్కసారే, నువ్వు లేవకు, పడతావ్ అంటారు. ప్రేమతోనే అంటారు. ఆయన ఆ కుర్చీలోంచి లేచి ఎన్నేళ్ళయిందో." కుర్రాడు టీ గ్లాసు పక్కన పెట్టాడు. "నా సంగతి తెలిస్తే సర్వేయింగ్ నుంచి తీసేస్తారు. ఇంటికి పంపిస్తారు. మా ఇంట్లో ఇంకో కుర్చీ వేస్తారు."

కింది అంతస్తులో గది దొరికింది. ఒకసారి కంటి డాక్టరుకి చూపించుకుందాం రారా అని మాస్టారు నెమ్మదిగా నచ్చచెబుతూ వచ్చారు. కుర్రాడు చూద్దాం సార్, చూద్దాం సార్ అంటూ నీళ్ళు నమిలేవాడు. ఈలోగా వానాకాలం వచ్చింది. సాయంత్రాలు తొందరగా చీకటి పడుతున్నాయి. వరండాల్లో సగం దీపాలు వెలగవు.

ఒక మబ్బు పట్టిన సాయంత్రం కెమిస్ట్రీ ల్యాబు అటెండరు, పెద్దావిడ, కడిగిన గాజు సామాను ట్రేలో పెట్టుకుని వరండాలో వస్తోంది. ఎదురుగా వస్తున్న కుర్రాడు తిన్నగా వెళ్ళి ఆమెని గుద్దుకున్నాడు. ఇద్దరూ వరండా చివర మెట్ల మీంచి పడ్డారు. ఆవిడ మణికట్టు విరిగింది, అరచెయ్యి గాజు గీసుకుని చీలింది. రక్తం చూసి అందరూ పోగయ్యారు. లేవబోయి గోడని తడుముకుంటూ తూలిన కుర్రాణ్ణి చూసి ఎవరో, "తాగొచ్చాడు" అన్నారు. ఇంకొకరు, "రోజూ సాయంత్రం ఇలాగే తూలుతుంటాడు, నేను చూశాను" అన్నారు.

వైస్ ప్రిన్సిపాల్ పరిగెత్తుకొచ్చి, వాడి భుజం పట్టుకుని అడిగారు: "తాగావా?"

కుర్రాడు నేల వంకే చూశాడు.

"తాగాను సార్" అన్నాడు.

ఈ సంగతి చెవిన పడగానే మాస్టారు గదికి తాళం వేసి బయల్దేరారు. హాస్టల్‌కి వెళ్ళి కుర్రాణ్ణి పక్కకి పిలిచారు. "ఏరా, నీకేమన్నా మతి పోయిందా? కాలేజీలోంచి తీసేస్తారు."

"తీసెయ్యనివ్వండి."

"నిజం చెప్పెయ్యరా."

"మీరు మాటిచ్చారు సార్." వాడి గొంతులో బతిమాలడం లేదు. అదే మాస్టారిని భయపెట్టింది. "తాగుబోతంటే, వాడు మానేశాడట, బాగుపడ్డాడట అని ఎప్పటికైనా అంటారు. గుడ్డివాడంటే ఇంక ఏమంటారు?"

మర్నాడు పొద్దున్న వంటింట్లో నిలబడి మాస్టారు భార్యతో, పేరూ ఊరూ లేకుండా, ఒక మాట అడిగారు. "రోగి నీకొక్కదానికే ఒకటి చెప్పాడనుకో. నువ్వది బయటపెడితే వాడి బతుకు నిలబడుతుంది. పెట్టనని మాటిచ్చావు. ఏం చేస్తావు?"

ఆమె స్టవ్ తగ్గించింది. "ప్రాణం పోయే సంగతా?"

"ప్రాణం కాదు. చదువు."

"ప్రాణమైతే చెప్పేస్తాను. మాట పోయినా పర్లేదు. ప్రాణం కాదంటే..." ఆమె ఆగింది. "వాడి నోటితో వాడే చెప్పేదాకా వాణ్ణి వదలను. అంతకంటే నాకూ తెలీదండి."

విచారణ మధ్యాహ్నం. సహాయ కేంద్రం తరఫున మాస్టారు కూడా ఆ కమిటీలో సభ్యులే. ఆయన సంతకం కూడా ఉండాలి. దానికి ముందే వైస్ ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్ళారు.

"సార్, రేపటి దాకా ఆగండి. ఆ కుర్రాడి విషయంలో మనకి తెలియనిది ఒకటుంది."

"మనకి తెలియనిదా, నాకు తెలియనిదా?" వైస్ ప్రిన్సిపాల్ కళ్ళజోడు తీశారు. ఆయన చెడ్డమనిషి కాదు. పొద్దున్నే ఆసుపత్రికి వెళ్ళి ఆ పెద్దావిడని చూసి వచ్చారు. ఆ కట్టు ఇంకా ఆయన కళ్ళలో ఉంది. "మీకు తెలిస్తే చెప్పండి మాస్టారూ."

"చెప్పలేను."

"చెప్పలేరా? ఒక మనిషి చెయ్యి విరిగింది. ఆవిడ మళ్ళీ బరువు ఎత్తగలదో లేదో డాక్టర్లే చెప్పలేకపోతున్నారు. మీరు నా ఎదురుగా కూర్చుని, తెలుసు గానీ చెప్పనంటున్నారు. మీరు కాలేజీ మనిషా, వాడి మనిషా?"

"ఆ గదిలో కూర్చోమన్నది మీరే కదా సార్. నేను ఇవాళ ఇది చెప్తే, రేపట్నుంచి ఆ గదికి ఎవరూ రారు."

"రాకపోతే రాకపోనివ్వండి. అంతకు ముందు ఎవరొచ్చేవాళ్ళని?"

ఆ మాట ఈటెలా దిగింది.

కమిటీ ముందు కుర్రాడు నిలబడ్డాడు. ఎదురుగా కిటికీ వెలుగు. వాడు ఆ వెలుగు వంకే చూస్తూ, ఎవరు మాట్లాడితే వాళ్ళ వైపు ఒక క్షణం ఆలస్యంగా తల తిప్పుతున్నాడు. పొగరనుకున్నారు మిగతావాళ్ళు. "ఎక్కడ తాగావు, ఎవరితో తాగావు?" అంటే జవాబు లేదు. "చెప్పుకునేది ఏమన్నా ఉందా?" అంటే, "ఆవిణ్ణి క్షమించమని అడగాలి" అన్నాడు. సర్వేయింగ్ లెక్చరరు తలవంచుకుని, "లెక్కల్లో మొదటివాడు" అని తనలో తను అనుకున్నట్టు అన్నాడు.

తీర్మానం కాగితం బల్ల చుట్టూ తిరిగి మాస్టారి ముందుకొచ్చింది. ఆయన పెన్ను తీయలేదు.

"సంతకం పెట్టను సార్."

"కారణం?"

"చెప్పలేను."

వైస్ ప్రిన్సిపాల్ ముఖం కందగడ్డలా ఎర్రబడింది. పళ్ళ బిగువున అన్నారు: "రేపు పొద్దున్న మళ్ళీ కూర్చుందాం. అప్పుడు కూడా ఇదే మాటంటే, ఆ గదికి తాళం వేయిస్తాను మాస్టారూ. మీ ముందే."

మాస్టారు కుంటుకుంటూ బయటికొచ్చి కుర్రాడి కోసం చూస్తే, వాడు లేడు. హాస్టల్‌కి వెళ్తే గది తలుపు బార్లా తీసుంది. పరుపు చుట్టేసి ఉంది. పెట్టె లేదు. పక్కగది వాళ్ళు, "ఇంటికెళ్ళిపోతున్నానన్నాడు, బస్టాండుకి" అన్నారు.

ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. ఆకాశం వంక చూశారు మాస్టారు. పడమర నల్లటి మబ్బు. ఇంకాసేపట్లో వెలుగు పోతుంది. కొత్త పైపుల కోసం బస్టాండు రోడ్డు పొడుగునా తవ్విపోశారని గుర్తొచ్చి గేటు వైపు నడిచారు. ప్రాణం కాదు, చదువే అన్నారు పొద్దున్న భార్యతో.

గేటు దగ్గర మళ్ళీచెప్పు ఎదురైంది. కంగారుగా ఆమె చెయ్యి పట్టుకున్నారు. "అమ్మా, ఆ సర్వేయింగ్ కుర్రాడు, నేలచూపులు, బస్టాండుకి వెళ్ళాడట. నాతో రా. చీకటి పడేలోగా దొరకాలి."

ఆమె ఆయన పెదవుల మీంచి కళ్ళెత్తి చూసింది. "చీకటి పడేలోగా ఎందుకు సార్?"

మాస్టారు నోరు తెరిచి మూశారు.

ఆమె ఒక్క క్షణం చూసింది. "సరే, అడగను. పదండి" అంది.

ఆటో ఎక్కారు. రోడ్డు ఇరుకై, బళ్ళు నత్తనడక నడుస్తుంటే మాస్టారు మధ్యలోనే దిగిపోయి పరుగందుకున్నారు, వెనకే మళ్ళీచెప్పు. మోకాలు అడుగడుగునా కలుక్కుమంటోంది. పరిగెత్తొద్దన్న డాక్టరు మాట గాలికి పోయింది. వీధి దీపాలు ఇంకా వెలగలేదు. ఆ మసక వెలుతురులో మనుషులు నీడల్లా కదులుతున్నారు.

బస్టాండు ముందు తవ్విన కందకం మనిషి లోతుంది. అడుగున ఇనప పైపులు పడున్నాయి. దాటడానికి ఒకచోట పలకలు వేశారు. అడ్డంగా కట్టిన తాడు ఎప్పుడో తెగి బురదలో పడుంది. ఇవతల షెడ్డు కింద, స్తంభం పక్కన, పెట్టె చేత్తో పట్టుకుని కుర్రాడు నిలబడి ఉన్నాడు. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. వాడు ఏదీ ఎక్కడం లేదు. బోర్డులు చదవలేడు, ఎవర్నీ అడగడు. ఎంతసేపట్నుంచి అలా నిలబడ్డాడో.

మాస్టారు వాణ్ణి గుర్తుపట్టేసరికి, కందకానికి అవతల ఒక బస్సు దీపాలు వెలిగాయి. కండక్టరు కుర్రాడి ఊరి పేరు అరిచాడు. కుర్రాడి తల అటు తిరిగింది. కనపడేది ఆ రెండు దీపాలే. తిన్నగా వాటివైపు నడక మొదలుపెట్టాడు. పలకలు పక్కకెక్కడో ఉన్నాయి.

"ఆగు."

ఆ ఒక్క మాట బస్టాండంతా వినపడింది. టీ కొట్టు దగ్గర మనుషులు గ్లాసులు పట్టుకుని బిగుసుకుపోయారు. కుర్రాడు ఎత్తిన కాలు ఎత్తినట్టే వెనక్కి పెట్టాడు. మట్టిపెళ్ళ ఒకటి జారి పైపు మీద పడి ఠంగుమంది. అప్పుడు తెలిసింది వాడికి, ముందు ఏముందో.

మాస్టారు వెళ్ళి వాడి జబ్బ పట్టుకున్నారు. షెడ్డు కింద బెంచీ మీద కూలబడ్డారు. ఆయాసం తగ్గాక మాస్టారు అన్నారు: "నేను ఎవరికీ చెప్పలేదురా. ఈ అమ్మాయికి కూడా చెప్పలేదు. కానీ ఇంకోసారి ఇలాంటిది చూడలేను. పొద్దున్న నుంచి అదేదో చదువు సంగతే అనుకుంటున్నాను. కాదు."

కుర్రాడు మోకాళ్ళ మీద మోచేతులు ఆనించి కూర్చున్నాడు.

మళ్ళీచెప్పు వాడికి ఎదురుగా, వాడి ముఖం కనపడేటట్టు, వాడి పెట్టె తిరగేసి దాని మీద కూర్చుంది. "నీకేమైందో నాకు తెలీదు. సార్ చెప్పలేదు. నా సంగతి చెప్తాను, వింటావా?"

వాడు తలూపాడు.

"నాకు సరిగ్గా వినపడదు. రెండేళ్ళు ఎవరికీ తెలియనివ్వలేదు. పిలిస్తే పలికేదాన్ని కాదు కదా, అందరూ పొగరనుకున్నారు. నాకది బాగుండేది తెలుసా? పొగరంటే నా ఇష్టం మీద ఉన్నట్టు. చెవుడంటే నా చేతిలో ఏమీ లేనట్టు. అందుకని ఇంకా పొగరుగా ఉండేదాన్ని. ఒక స్నేహితురాలు వెనకనుంచి ఏడుస్తూ పిలిచిందట. నేను తిరగలేదు. అది మళ్ళీ నాతో మాట్లాడలేదు. ఆ పొగరు ఖరీదు అదీ."

అవతల బస్సు హారన్ కొట్టి కదిలిపోయింది. కుర్రాడు దాని చప్పుడు దూరమయ్యేదాకా విన్నాడు.

"అక్కా, ఇప్పుడు నీ ముఖం నాకు కనపడటం లేదు" అన్నాడు. "ఇక్కడ ఎంతమంది ఉన్నారో కూడా తెలీదు. నేను తాగలేదు."

చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు. ఆ చీకట్లో పెదవులు సరిగ్గా తెలియక, ఆమె రెండుసార్లు, "మళ్ళీ చెప్పు" అంది. రెండోసారి అన్నప్పుడు వాడికి నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చాడు.

ఆ రాత్రి కుర్రాడు మాస్టారి ఇంట్లోనే పడుకున్నాడు. ఆయన భార్య వాడికి అన్నం వడ్డించి, కంచం ఎక్కడుందో, గ్లాసు ఏ చేతివైపుందో చెప్పి తన పని చూసుకుంది. లేవకు అనలేదు.

పొద్దున్న కమిటీ ముందు కుర్రాడు తనే చెప్పాడు. మధ్యలో ఆగలేదు. చేతికి కట్టుతో ల్యాబు పెద్దావిడ కూడా వచ్చి కూర్చుంది. వాడు చెప్పడం ముగించగానే ముందు మాట్లాడింది ఆవిడే.

"తాగలేదని నాకు తెలుసు. వాసన రాలేదు. అన్నాను, ఎవరూ వినిపించుకోలేదు." కట్టు కట్టిన చేతిని బల్ల మీద పెట్టింది. "కానీ నాకు కోపం పోలేదు నాయనా. కనపడదని ముందే చెప్పుంటే నేనే పక్కకి జరిగేదాన్ని కదా. నీ గుట్టు కోసం నా చెయ్యి పోవాలా?"

కుర్రాడు లేచి, బల్లని తడుముకుంటూ ఆవిడ దగ్గరికెళ్ళి నిలబడ్డాడు. ఆవిడ ఎడమచేత్తో వాడి మోచెయ్యి పట్టుకుని పక్క కుర్చీలో కూర్చోబెట్టింది. క్షమించానని మాత్రం అనలేదు. ఆ మాట అనడానికి ఆవిడకి చాలా నెలలు పట్టింది.

వైస్ ప్రిన్సిపాల్ కళ్ళజోడు తుడుచుకుంటూ, "మాకు ఎందుకు చెప్పలేదు?" అని అడిగారు.

"ఎవరికి చెప్పాలో తెలీదు సార్. మొదటేడు ఆ గది ఉందని తెలీదు. తెలిశాక, చెప్తే ఏం చేస్తారో తెలీదు."

ఆయన మాస్టారి వైపు చూశారు. పాత తీర్మానం కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు.

అన్నీ చక్కబడ్డాయని చెప్పడానికి లేదు. సర్వేయింగ్ పరికరాలతో బయట పని కుర్రాడివల్ల కాదని కంటి డాక్టరు తేల్చాడు. పటాలు గీయడం, కొలతల లెక్కలు కట్టడం నేర్పే శాఖకి మారాల్సి వచ్చింది. ఒక సంవత్సరం వెనకబడ్డాడు. దానికి వాడు చాలా రోజులు కుమిలిపోయాడు, మాస్టారి మీద కూడా అలిగాడు. చూపు ఇంకా తగ్గుతుందనే డాక్టరు చెప్పాడు. కర్ర పట్టుకుని నడవడం నేర్పే మనిషి వారం వారం వస్తే, మొదట్లో తలుపేసుకుని కూర్చునేవాడు. ఒకరోజు తనే మేనమామకి ఫోన్ చేసి ఈ గది సంగతంతా చెప్పాడు. ఆయన చాలాసేపు విని, "ఆ గదిలో నాబోటి ముసలాళ్ళని కూడా కూర్చోనిస్తారేమో కనుక్కోరా" అన్నాడట. మాస్టారు కాలేజీ రూలు చూడలేదు. రమ్మన్నారు. కర్ర నేర్పే మనిషి ఒక మధ్యాహ్నం ఇద్దరికీ కలిపి నేర్పాడు.

వరండాల్లో దీపాలు వెలిగాయి. ప్రతి ఏడూ కొత్త పిల్లలు చేరగానే, మొదట్లో కుర్రాడూ మళ్ళీచెప్పూ, తర్వాత వాళ్ళని చూసి ఇంకొంతమందీ, తరగతి తరగతికీ వెళ్ళి తమ సంగతి చెప్పి వచ్చేవాళ్ళు. వినేవాళ్ళు కొందరు నవ్వేవాళ్ళు, కొందరు నిద్రపోయేవాళ్ళు. ఎవరో ఒకరు మాత్రం రెండు మూడు రోజుల తర్వాత గది చుట్టూ తచ్చాడుతూ కనపడేవారు. రానివాళ్ళ గురించే మాస్టారికి బెంగ. ఒకమ్మాయి చెప్పాపెట్టకుండా చదువు మానేసి వెళ్ళిపోయింది. ఎందుకో ఎవరికీ తెలియలేదు. ఆమె రోజూ ఆ కుళాయిల దగ్గరే నీళ్ళు పట్టుకునేదట. ఆ సంగతి తెలిసినప్పుడు మాస్టారు రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

ఆయన రిటైరయ్యే ఏడు, ఒక సాయంత్రం పిల్లలంతా వెళ్ళిపోయాక, వైస్ ప్రిన్సిపాల్ ఆ గదికి వచ్చారు. గుమ్మంలో నిలబడి గోడలకి కొత్త రంగు బాగుందన్నారు. కుర్చీ కాళ్ళు ఊగుతున్నట్టున్నాయే అన్నారు. మాస్టారు లేచి ఆ కుర్చీ కింద ఒక అట్టముక్క మడిచి పెట్టి, తలుపు దగ్గరికి వేసి, ఎదురుగా కూర్చున్నారు.

ఇంటికి చేరేసరికి ఆలస్యమైంది. "ఇంతసేపు ఎవరొచ్చారేంటండీ?" అంది భార్య.

"ఒకాయన" అన్నారు మాస్టారు.

ఆమె ఇంకేమీ అడక్కుండా కంచాలు పెట్టింది.